ఏలీ నేర్పిన ఒక్క మాట

డిసెంబరు మొదటి వారం దాటిందంటే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాస్టర్ల ఫోన్లకు తీరిక ఉండదు. "అయ్యగారూ, మా మనవరాలిని సెమీ క్రిస్మస్ నాడు మాట్లాడమన్నరు. జర రెండు ముక్కలు రాసియ్యరాదు?" అయ్యగారికి ఆ నెలంతా ఊపిరి సలపదు. పోయినేడాది ఇంకో ఇంటి పిల్లకు రాసిచ్చిన కాగితమే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. పాప వారం రోజులు బట్టీ పడుతుంది. ఆ రోజు కొత్త గౌను వేసుకుని మైకు ముందు నిలబడుతుంది. "ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు" దాకా గొంతు ఖంగుమంటుంది. "కావున ప్రియులారా" దగ్గర ఆగిపోతుంది. ముందు వరుసలో నాయనమ్మ పెదవులు కదుపుతుంది, టీచరమ్మ పక్కనుంచి అందిస్తుంది, పాప కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. జనం చప్పట్లు కొట్టి గట్టెక్కిస్తారు.

ఏడేళ్ళ పిల్ల నోట "కావున ప్రియులారా" ఏమిటని ఎవరూ అడగరు. తడబడకుండా అప్పజెప్పిన పిల్లను "అచ్చం అయ్యగారి లెక్కనే చెప్పింది" అని మెచ్చుకుంటారు కూడా. నాకు ఆ మెచ్చుకోలులోనే చిక్కు కనిపిస్తుంది. అయ్యగారిలా మాట్లాడటానికి సంఘంలో అయ్యగారు ఉండనే ఉన్నారు కదా.

ఒక చిన్న పిల్లవాడిని మాటకు సిద్ధం చేసిన పెద్దాయన బైబిల్లో ఒకరున్నారు. షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ. సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం తెరిస్తే ఆయన ముసలితనంతో, చూపు మందగించి, పడుకుని కనిపిస్తాడు. మందిరంలో దీపం ఇంకా ఆరలేదు. తల్లి హన్నా దేవునికి అప్పగించిన సమూయేలు లోపల నిద్రపోతున్నాడు. ఎవరో పిలిచినట్టయితే లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తుతాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అంటాడు ముసలాయన. రెండోసారీ అంతే. మూడోసారి వచ్చినప్పుడు గాని, పిల్లవాడిని పిలుస్తున్నది దేవుడని ఆయనకు తట్టలేదు.

తట్టాక ఆయన చేసినదాని కంటే చేయనిది చూడాలి. తానే లేచి వెళ్ళలేదు. దేవుడు ఫలానాది అడుగుతాడు, నువ్వు ఫలానాది చెప్పు అని పాఠం రాసివ్వలేదు. ఈసారి పిలుపు వస్తే, చెప్పు ప్రభువా, నీ దాసుడు వింటున్నాడని అనమన్నాడు. ఒక్క మాట. అదీ వింటానని చెప్పే మాటే. పోయి మళ్ళీ పడుకోమని పిల్లవాడిని పంపాడు. అన్నేళ్ళు యాజకత్వం చేసినవాడి దగ్గర చెప్పడానికి ఎంత సరుకు ఉండి ఉంటుంది! అంత సరుకు ఉన్నవాడు ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మన పెద్దలకు అంత తేలిగ్గా వచ్చే విద్య కాదు.

దేవరకొండ అవతల ఒక ఊళ్ళో ఈ విద్య తెలిసిన టీచరమ్మను చూశాను. అక్కడి పాపకు ఇచ్చిన అంశం లూకా సువార్తలోని తప్పిపోయిన గొర్రె. అమ్మానాన్నలు పుణెకు సెంట్రింగ్ పనికి వలసపోయారు. ఇంట్లో తాత, నాయనమ్మ, కొన్ని మేకలు. టీచరమ్మ కాగితం, పెన్ను తీయలేదు. మంచం అంచున కూర్చొని గొర్రె కథ ఒకసారి చెప్పింది. "మీ మేకలెప్పుడన్న తప్పిపోయినయా బిడ్డా?" అని అడిగి ఊరుకుంది. పాప కాసేపు గోరు కొరుక్కుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఒకసారి మేకపిల్ల తప్పిపోయింది. చీకటైంది. తాత బ్యాటరీ పట్కొని పోయిండు. నేను గూడ పోయిన. కంది చేను దాటినంక గుట్ట కాడ ముండ్ల కంపల ఇరుక్కున్నది. తాత దాన్ని తిట్టలే. ఎత్కొని ఒచ్చిండు. నన్నయితే తిడ్తడు."

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వు ఆపుకొని "మరి దేవుడు?" అంది. పాప ఆలోచించి, "దేవుడు గూడ తిట్టడు. ఎత్కొస్తడు" అంది.

అయిపోయింది, ప్రసంగం తయారు. లూకా పదిహేనో అధ్యాయం మళ్ళీ తీసి చూడండి. కాపరి ఆ గొర్రెను ఒక్క మాట అనడు. సంతోషంగా భుజాల మీద వేసుకుంటాడు, ఇంటికొచ్చి ఇరుగుపొరుగును పిలుస్తాడు. గొర్రె పొగరు గురించీ, అది మందను ఎందుకు విడిచిందన్న దాని గురించీ మనం ప్రసంగాల్లో చెప్పేదంతా మనం కలిపిందే. ఆ కలిపినదేదీ తెలియని పిల్ల, ఉన్నది ఉన్నట్టు పట్టుకుంది.

ఆ తర్వాత టీచరమ్మకు మిగిలిన పని కత్తిరింపే. ఆ సాయంత్రం పాప చేత అదే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. మధ్యలో కుక్క గురించి, పక్కింటి పిల్లాడి గురించి వచ్చినవి మెల్లగా రాలిపోయాయి. నాయనమ్మకు మాత్రం మనసొప్పలేదు. "గుడిల గట్ల మాట్లాడుతరా? తిట్టలేదు అని మంచిగ అనాలె" అంది. టీచరమ్మ ఒప్పుకోలేదు. "నన్నయితే తిడ్తడు" అన్నది ఉంచాలా వద్దా అని తాతనే అడిగింది. ఆయన బీడీ ఆర్పి, "ఉండనియ్యి, అబద్ధమా ఏంది?" అన్నాడు.

చదువు రాని ఇంట్లో పిల్లలను ఎవరు తయారుచేస్తారని కొందరు పాస్టర్లు దిగులుపడతారు. ఆ దిగులు అక్కర్లేదు. ఈ రెండు జిల్లాల సంఘాలు పుట్టిందే చెవి మీద. రష్యాలోని జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ పల్లెల నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో బయల్దేరి వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో మిషన్ మొదలుపెట్టారు. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు హైదరాబాద్ చేరారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తిలో స్టేషన్లు వెలిశాయి. బాప్టిస్టుల చేతిలో ఉన్న పాలమూరు, గద్వాల 1937లో వాళ్ళకు అప్పగించారు. ఆ దొరలు, దొరసానులు ముందు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. నోరు తిరగని మాటలతో, మన పిల్లల మాదిరే, జనం ముందు నిలబడ్డారు. సంఘాల్లో చేరినవాళ్ళలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ వాడల వాళ్ళు. తెలుగు బోధకులు, ఇల్లిల్లూ తిరిగే బైబిల్ స్త్రీలు వాక్యం చెబితే విని, తిరిగి చెప్పి, నిలుపుకున్నారు. వాళ్ళ మనవరాలే ఈ నాయనమ్మ. పుస్తకం పట్టుకోలేకపోవచ్చు గాని, పిల్ల చెబుతుంటే ఎక్కడ నిజం ఉందో, ఎక్కడ అప్పజెప్పుడు ఉందో చెవితో పట్టేయగలదు. ఏలీకీ కళ్ళు కనపడలేదు.

సండే స్కూలు పుట్టుక కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ దాన్ని మొదలుపెట్టింది వారమంతా పనిలో మగ్గే పిల్లల కోసం. వాళ్ళకు సెలవు దొరికేది ఆదివారం ఒక్కటే. అక్షరాలు నేర్పడం దాని మొదటి పని. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పోయిన పిల్లలకు ఆ సంగతి మనం విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లకు ఆదివారం నాడు ఇంకో పని నెత్తిన పెట్టినట్టు రెండు పేజీల బట్టీ ఇవ్వడం నాకు నచ్చదు.

ఇక మైకు సంగతి. పిల్లలు చాలామంది మాట మరిచిపోయి ఆగరు, పెట్టెలోంచి వచ్చే తమ గొంతు విని బెదిరి ఆగుతారు. శనివారం సాయంత్రం కీబోర్డు, ప్యాడ్ వాళ్ళు పాటలు ప్రాక్టీసు చేసేటప్పుడు పాపను తీసుకెళ్ళి, మైకులో తన పేరు, ఊరి పేరు చెప్పనివ్వండి. స్టాండు ఎంత దించాలో అప్పుడే చూసుకోవచ్చు. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వస్తే చాలు, మధ్యలోది పాప అనుభవమే కాబట్టి అదే నడిపిస్తుంది. రెండు నిమిషాలు దాటనివ్వకండి. మధ్యలో ఆగితే అందించకండి, ఆగనివ్వండి. వెనక నుంచి ఎవరో ఒక ముసలమ్మ "స్తోత్రం" అంటుంది. ఆ సందులో పిల్లకు మాట దొరుకుతుంది. దిగి వచ్చాక చేతిలో పది రూపాయల నోటు పెట్టేవాళ్ళు పెట్టుకోవచ్చు గాని, పక్కింటి పిల్లతో పోల్చి మార్కులు వేసే పెద్దమనుషులను కాస్త దూరంగా కూర్చోబెట్టడం మంచిది. కతోలిక గుళ్ళలో విశ్వాసుల ప్రార్థనలు చదివే పిల్లలకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. వాళ్ళ చేతిలో కాగితం ఉంటుంది, అదొక్కటే తేడా. ఆ కాగితంలో ఒక్క మనవి అయినా పిల్ల అడిగింది ఉండేలా చూస్తే ఇంకా బాగుంటుంది.

చిన్నపిల్లల మాటకు ఎంత బలం ఉంటుందని అడిగేవాళ్ళకు రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం చూపిస్తాను. సిరియా సేనాపతి నయమాను ఇంట్లో ఒక దాసి పిల్ల. ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన పిల్ల. పేరు కూడా రాయలేదు. ఆమె యజమానురాలితో అన్నది ఒకే ఒక్క మాట: షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి అయ్యగారు పోతే కుష్ఠం పోతుందని. తన ఊళ్ళో తనకు తెలిసినదే చెప్పింది. ఆ మాట పట్టుకునే సేనాపతి గుర్రాలు, రథాలు, వెండి బంగారాలతో బయల్దేరాడు. రాజుల దగ్గర పని కాలేదు. పిల్ల చెప్పిన ప్రవక్త దగ్గరే అయింది.

ఇంతకూ ఏలీ కథ ఆ రాత్రితో ముగియదు. తెల్లవారి సమూయేలు మందిరం తలుపులు తీశాడు గాని, విన్నది చెప్పడానికి భయపడ్డాడు. ఎందుకంటే అది ఏలీ ఇంటి మీదే తీర్పు. కొడుకులు దారి తప్పుతుంటే తండ్రి అడ్డుకోలేదని. ఏలీ పిల్లవాడిని పిలిచి, ఒక్క ముక్క దాచకుండా చెప్పమన్నాడు. విన్నాడు. కోప్పడలేదు, నోరు మూయించలేదు, ఇది దేవుడి మాటేనని తలవంచాడు.

పిల్లలను అడగడం మొదలుపెడితే మనకూ ఈ తెల్లవారుజాము వస్తుంది. దేవుడు నీకేం చేయాలని ఉంది బిడ్డా అని అడిగితే, "మా నాయన తాగొచ్చి అమ్మను కొట్టొద్దు" అని ఒక పిల్ల అంటుంది. "అమ్మ బొంబాయి నుంచి ఎప్పుడొస్తది?" అని ఇంకో పిల్ల అడుగుతుంది. రాసిచ్చిన కాగితంలో ఇవి ఎప్పుడూ ఉండవు, అందుకే కాగితమే మనకు హాయి. కొట్టే నాయన మాటను మైకులోకి తేవద్దు. ఊరందరి ముందు ఆ ఇల్లు బజారున పడితే, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆ తల్లీబిడ్డలే. అలాగని "గవన్నీ చెప్పొద్దు, మంచి మాటలు చెప్పు" అని పిల్లను తోసెయ్యనూ వద్దు. టీచరమ్మ ఆ మాట అయ్యగారికి, అమ్మగారికి చెప్పాలి. వాళ్ళు ఆ ఇంటికి పండగ అయ్యేదాకా ఆగకుండా అదే వారం పోవాలి, తల్లిని విడిగా పలకరించాలి, పోలీసు సాయం కావాల్సినంత దూరం పోయిందేమో అడిగి తెలుసుకోవాలి. పాప సెమీ క్రిస్మస్ నాడు మేకపిల్ల గురించే మాట్లాడుతుందా, అసలు మాట్లాడనే మాట్లాడదా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.