చేపట్టిన పనికి కట్టుబాటు

చేపట్టిన పనిని మధ్యలో విడిచిపెట్టడం దోషమా, కేవలం నష్టమా అన్న ప్రశ్నను పూర్వమీమాంస, అంటే వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రం, యజ్ఞాల సందర్భంలో నిశితంగా విచారించింది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం ప్రకారం కామ్యకర్మను, అంటే ఒక ఫలాన్ని కోరి చేసే కర్మను, మొదలుపెట్టడం కర్త ఇష్టమే అయినా, మొదలుపెట్టాక కోరిక తీరినా చల్లారినా దాన్ని ముగించి తీరవలసిందే. లౌకిక కార్యాలకు మాత్రం ఈ నిర్బంధం లేదని మీమాంసకులే మినహాయింపు ఇచ్చారు.

మరి ప్రజల కోసం తవ్వే కాలువ ఏ కోవలోకి వస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో నగరి పక్కనున్న పుత్తూరు ప్రాంతంలో ఇది పండితుల కాలక్షేపపు ప్రశ్న కాదు. శ్రీశైలం నుంచి 38 టి.ఎం.సి.ల (ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు) వరద నీటిని గోరకల్లు, అవుకు, గండికోటల మీదుగా ఈ దిక్కుకు తేవాలని 1980ల చివర తలపెట్టిన గాలేరు–నగరి సుజల స్రవంతిలో, గండికోట వద్ద 26.85 టి.ఎం.సి.ల జలాశయం సిద్ధమైంది గానీ, తిరుపతి మీదుగా దక్షిణానికి రావలసిన రెండో దశ అటవీ అనుమతులు, భూసేకరణ, బిల్లుల బకాయిలు, ప్రభుత్వంతో పాటు మారే అంచనాల మధ్య చిక్కుపడింది. తవ్వి వదిలిన కాలువ తవ్వని నేలతో సమానం కాదు. పొలం రెండు ముక్కలవుతుంది, గట్లు వానకు కోసుకుపోతాయి, అడుగున సర్కారు తుమ్మ మొలుస్తుంది.

స్మృతులు యజ్ఞాన్ని ఇష్టమనీ, బావి, చెరువు, తోట వంటి లోకహిత నిర్మాణాలను పూర్తమనీ పేర్కొని రెండింటినీ ధర్మంగా విధించాయి కాబట్టి, కాలువకు లౌకిక కార్యపు మినహాయింపు వర్తించదనడమే న్యాయం. కడప జిల్లాలో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ ధర్మాన్ని సాంకేతిక వివరాలతో సహా చెప్పింది. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి నేల, రాతి గని, పనిలో ఆరితేరిన కూలీల బృందం మొదలైన పన్నెండు అంగాలను లెక్కించి, రోజూ వెయ్యిమంది మనుషులు, రాళ్లు మోసే నూరు బళ్లు రెండేళ్లు పనిచేశాయని నమోదు చేసింది. ఆ పన్నెండింటిలో అదృష్టం లేదు. రెండు రాజ్యాల పొలిమేరన ఉండటాన్ని ఆరు దోషాలలో ఒకటిగా అది ఎందుకు చెప్పిందో, కృష్ణా జలాల తగాదాలు చూసినవారికి వేరే వివరించనక్కరలేదు.

కర్త మారితే బాధ్యత ఎవరిదన్న చిక్కు ఇంకా మిగిలి ఉంది. పలువురు యజమానులు కలిసి చేసే సత్రయాగంలో ఒకరు తప్పుకుంటే మరొకరిని చేర్చుకోవచ్చు గానీ, చేరినవాడికి ఫలం దక్కదని మీమాంస నిర్ణయం. పాత ప్రభుత్వపు పనిపై కొత్త ప్రభుత్వానికి ఉండే అనాసక్తికి, శిలాఫలకంపై తన పేరు లేని వెలితికి ఇది సమర్థనలా కనిపించవచ్చు. అయితే ఆ పోలిక ఇక్కడ నిలవదు. ప్రజాస్వామ్యంలో యజమాని ప్రజలు, ప్రభుత్వాలు వారు దక్షిణ ఇచ్చి నియమించుకున్న ఋత్విక్కులు, అంటే యజ్ఞం నడిపే పురోహితులు, మాత్రమే. యజమాని మారలేదు కనుక సంకల్పమూ మారలేదు, నగరి దాకా కాలువ పూర్తిచేయవలసిన బాధ్యత ఏ ప్రభుత్వానికైనా పాత బాకీగానే సంక్రమిస్తుంది.