తోడు బతుకమ్మ

బిడ్డా,

అక్క కొడుకు పొద్దంతా నీ దగ్గరే ఉంటున్నాడని, వాడితో బొమ్మ వేయించబోతే చివరికి నువ్వే వేయాల్సి వస్తోందని రాశావు. వాడికి ఓపిక లేదేమోనని నీ అనుమానం. నాకైతే చిక్కు వేరేచోట కనిపిస్తోంది. కాగితం ఒక్కటే, దాని మీద ఆడే చేతులేమో ఇద్దరివి.

పిల్లలతో కలిసి చేయడం ఎట్లాగో మన కరీంనగర్ వైపు ఆడవాళ్లకు బతుకమ్మ ఎప్పుడో నేర్పింది. శిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు వరుసలుగా పెట్టి పెద్దవాళ్లు ఒక బతుకమ్మను పేరుస్తారు. పక్కనే చిన్నదొకటి, తోడు బతుకమ్మ. చాలా ఇళ్లలో దాన్ని పేర్చేది పిల్లలే. అది ఒక పక్కకు ఒరుగుతుంది, తంగేడు రావాల్సిన చోట బంతిపువ్వు వస్తుంది. అయినా రెండూ ఒకే ఆట నడుమ కూర్చుంటాయి, ఒకే చెరువుకు పోతాయి. పెద్దామె తన వరుసల్లో మునిగి ఉంటుంది గనుక పిల్ల పనిలో వేలు పెట్టదు. పిల్ల మాత్రం ఆమె వేళ్లను ఓరకంట చూస్తూనే ఉంటుంది. కాడలు ఒక్క పొడుగున కత్తిరించడం, నడుమ ఖాళీని ఆకుముక్కలతో నింపడం ఆ చూపుతోనే అందుతాయి. నువ్వూ అట్లే చెయ్యి. వాడికో కాగితం, నీకో కాగితం.

చేయి పట్టి దిద్దించకపోతే ఎట్లా వస్తుందని అంటావేమో. అక్షరాలకు దిద్దుడు కావాల్సిందే, ‘అ’ ఎట్లా ఉండాలో ఊరంతా ఒప్పుకున్నది గనుక. బొమ్మ దారి వేరు. అమెరికాలో పసిపిల్లల బడిలో పనిచేసిన రోడా కెలాగ్ చిన్నపిల్లల గీతలను లక్షల్లో పోగుచేసి చూసింది. 2 ఏళ్లప్పుడు గజిబిజి గీతలు, 3 దాటే వేళకు సున్నాలు, తర్వాత సున్నాకే కాళ్లూ చేతులూ మొలిచిన మనిషి. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాదాపు ఈ వరుసలోనే నడుస్తారు. మీవాడి మనిషికి పొట్ట లేదని నువ్వు గీసిపెడితే, వాడు రేపోమాపో ఎక్కబోయే మెట్టును లాగేసినట్టే.

నిర్మల్‌లో కర్రబొమ్మలు చేసే నకాషీల ఇళ్లలో పెద్దల చేతిని అచ్చంగా అనుసరించడమే కదా విద్య అంటావా, అది బరువైన మాటే. కానీ ఆ బొమ్మకు కొనేవాడున్నాడు, వాడి లెక్క ఉంది. 4 ఏళ్లవాడి బొమ్మకు ఆ లెక్క లేదు. అక్కడి నుంచి నువ్వు తెచ్చుకోవాల్సింది సరుకు ఎరుక. పొనికి కర్ర తేలికని, మెత్తనని, విడిగా చెక్కిన కాళ్లూ చేతులూ చింతగింజల జిగురుతో అతుకుతాయని తెలిసినవాడే అక్కడ పనివాడు. మీవాడికి వస్తువు గుణం చెప్పు, ఆకారం వాడికే వదిలెయ్యి.

ఫోన్ ఇస్తే ఇంత గోల ఉండదంటావా? అలసిపోయిన రోజు ఇస్తే నిన్ను తప్పుపట్టను. కానీ ఫోన్‌లో వేలు ఎక్కడ పెట్టినా గాజు ఒక్క తీరుగానే ఉంటుంది. మట్టి ఒత్తితే లొంగుతుంది, నీళ్లెక్కువైతే జారుతుంది, ఆరితే మాట వినదు. బట్టలు మాస్తాయనుకుంటే పాత లుంగీ ఒకటి పరుచు.

పొలాల అమావాస్య వస్తోంది. ఆదిలాబాద్ పల్లెల్లో ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఇంట్లో మట్టి ఎడ్లకూ మొక్కుతారు. చెరువు మట్టి తెచ్చి, రాళ్లు ఏరి ముందురోజే నానబెట్టు. ముద్దలు రెండు చెయ్యి. కాళ్లు అతికేచోట గీతలు పెట్టి తడి చేయడం నీ ఎద్దు మీదనే చూపించు. వాడి ఎద్దుకు ఐదు కాళ్లొస్తే రానీ. రెండింటినీ నీడకు ఆరబెట్టు, ఎండలో పెడితే కాళ్లు పగులుతాయి.

ఇట్లు
నీ పెద్దమ్మ