పైనుంచి పడే నీళ్లు

నేను మొట్టమొదట చూసిన జలపాతం ఎత్తు రెండు మూడు అడుగులే. ఆసామి గారి పెరట్లో అరుగు మీద నిలబడి అమ్మగోరు ఇత్తడి చెంబు వంచేది. కింద మా అయ్య ఒంగుని దోసిలి పట్టేవాడు. ఆయన పక్కన నేను. నీళ్లు సగం నోట్లోకి, సగం మోచేతుల మీంచి నేల మీదకి. చెంబు అంచు చేతికి తగలకూడదు. మా ఊరు కొల్లేటి అంచు. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చిన నీళ్లన్నీ మా ముందే ఉండేవి. తాగడానికి మాత్రం చెయ్యి చాపాల్సిందే.

ఇదంతా మళ్లీ గుర్తొచ్చింది పోయినేడు చలికాలంలో, బుట్టాయగూడెం అడవిలో. ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఆ తర్వాత గుబ్బల మంగమ్మ తల్లి గుడి వైపు వాగు పక్కనే నడక. నాతోపాటు పనిచేసి రిటైరైన ఒక మేష్టారు, తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న మా పేట కుర్రాడు వచ్చారు. కోయల, కొండరెడ్ల నేల అది. మధ్యాహ్నపు ఎండ ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది.

నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లొచ్చాక, పనేమీ లేకుండా నీటి పక్కన నడవడం నాకిదే మొదలు. మా అయ్య కాలవ గట్ల మీద జీవితమంతా నడిచాడు, పార భుజానేసుకుని, ఆసామి చేలో మడవ తిప్పడానికి. మా అమ్మ నాట్లకి నడిచింది. నీళ్లు చూడ్డానికి బాగుంటాయని మాకెవరూ చెప్పలా. చెప్పే తీరిక ఎవరికుంది?

గుడి దగ్గర రాతి మీంచి నీళ్లు సన్నగా జారుతున్నాయి. మేష్టారు దోసిలి పట్టి తాగి, "చూశారా మేష్టారూ, ప్రకృతికి కులం లేదండీ" అన్నారు. మంచి మనిషే. మా ఇంట్లో భోంచేసినవారే. అయినా ఆ మాట నా గొంతు దిగలేదు. నీళ్లకి కులం లేదు, నిజమే. చెంబుకుంది. అరుగుకుంది. చెరువు గట్టుకుంది. మహద్‌లో చవదార్ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ ముందే తీర్మానం చేసింది. ఆ కాగితం ఎవరి దాహమూ తీర్చలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి తాగాల్సొచ్చింది. తాగినందుకు మనవాళ్లని కొట్టారు. చెరువుని పేడతో, పంచితంతో శుద్ధి చేశారు. 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైందీ మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే. ఎదురుతిరిగిన మున్నంగి సువార్త చేతిలో ఉన్నది నీళ్ల బిందె. మర్నాటి దాడిలో ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి.

ఇదంతా చెప్పాను. మేష్టారు మాట్లాడలేదు. కుర్రాడు మాత్రం అడిగాడు: "పెదనాన్నా, మరి మనం ఎవరికీ అట్టా పోయలేదా?"

ఇక్కడితో ఈ వ్యాసం ఆపేస్తే సభలో చప్పట్లు కొడతారు. కానీ అబద్ధమవుతుంది.

మేం మాలలం. 1986 ఎండాకాలం. నాకు కొత్తగా ఉద్యోగమొచ్చి ఏలూరులో అద్దెకుంటున్నాం. కారంచేడు సభలకి తిరుగుతున్నాను, మాట్లాడుతున్నాను కూడా. ఒక మధ్యాహ్నం కాలవ తీసే రెల్లి మనిషి గుమ్మం ముందుకొచ్చి, "బాబుగారూ, మంచినీళ్లండి" అన్నాడు. నేను చెంబు తెచ్చాను. గుమ్మంలో నిలబడే ఉన్నాను. చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆయన ఒంగుని దోసిలి పట్టాడు. అచ్చం మా అయ్యలాగే. నీళ్లు మోచేతుల మీంచి కారాయి.

1994 జూలై 7న ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఐక్యతకి గండి కొడుతున్నారని కోప్పడ్డవాళ్లలో నేనొకణ్ణి. గండి నా గుమ్మంలో ఎనిమిదేళ్ల ముందే పడిందని అప్పుడు తట్టలేదు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు మీద వాదనకి కాదు ఇది. నా ప్రశ్న చిన్నది. అవమానం పడ్డవాడు పడ్డందుకే మంచివాడైపోతాడా?

అమ్మగోరికీ నాకూ తేడా ఉంది, కాదనను. ఆవిడ చెంబు వెనక ఎకరాలున్నాయి, ఊరుంది. నా వెనక అద్దె గది. కానీ ఒంగున్న నడుం నొప్పి ఆవిడకి తెలీదు. నాకు తెలుసు. తెలిసీ చేశాను. అందుకని నా తప్పు ఆవిడ తప్పుకన్నా తేలికని చెప్పుకోలేను. మన గాయం మనకి సాక్ష్యం చెప్పే హక్కునిస్తుంది. శిక్ష తప్పించుకునే హక్కునివ్వదు.

కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. నా మోచెయ్యి పట్టుకుని తడి రాళ్ల మీదికి దించాడు. ఒంగుని తాగాను. ఈ నీళ్లకీ ఒంగాల్సిందే. కానీ పైన చెంబు పట్టుకుని ఎవరూ లేరు.

ఇప్పుడు కాలవ తీసేవాళ్లొస్తే గ్లాసు చేతికిస్తాను, పక్కన కూచుంటాను. అది గొప్ప కాదు, ఆలస్యం. ఆ రెల్లి మనిషి పేరు నేనా రోజు అడగలేదు. ఇప్పుడడుగుదామంటే ఆయనెక్కడున్నాడో తెలీదు.