ఏ చావు బాగున్నది?

పత్తి ఏరి ఇంటికి వచ్చిన ఒక సాయంకాలమున, మానుకోట ప్రాంతపు ఒక పల్లెలో, ముగ్గురు పిల్లవాండ్రు అరుగుమీద కూర్చుండి ఒక్క ఫోనులో సినిమా చూచుచుండిరి. పెద్దవానికి 18 ఏండ్లు నిండినవి. చిన్నవానికి పదియును నిండలేదు. అది నాలుగైదు చిన్న కథలను ఒక్కటిగా కుట్టిన భయానక చిత్రము. ప్రతి కథలోను ఎవరో ఒకరు చావవలెను; ఆ చావు నెత్తుటితో తడిసి యుండవలెను. చిత్రము ముగిసిన వెంటనే తీర్పులు మొదలైనవి.

“మూడో సావు మస్తుగుంది. కడమవన్నీ ఉత్తయే,” అని ఒకడనెను.

“నెత్తురేంది, రంగునీళ్ల లెక్కుంది. పైసలు లేక తీసిండ్రు,” అని మరియొకడనెను.

లోపల బియ్యము చెరుగుచున్న నాయనమ్మ ఆ మాటలు విని, “సచ్చినోళ్లు ఎవల పిల్లలు బిడ్డా?” అని అడిగెను. వారు నవ్విరి. “సినిమా నాయనమ్మా! ఎవలూ సావలే.” ఆమె చేట దించి, “సావకుంటే మంచిదే. గని సావు మంచిగుందనుడేంది?” అనెను. దానికి వారియొద్ద ఉత్తరము లేకపోయెను.

ప్రియ చదువరులారా, ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్ననే మనమును కొంచెము ఆలోచింతము. నెత్తురు కాని నెత్తుటిని చూచి ఆనందించుట పాపమా? ఇంతమాత్రమునకు ఇంత విచారమేల అని కొందరందురు. మరికొందరు సినిమా అను మాట వినగానే చెవులు మూసికొందురు. ఈ రెండును తొందరపాటే.

మొదట ఈ చిత్రముల సంగతి న్యాయముగా చెప్పుకొందము. 2003లో మన తెలుగువాడైన రామ్ గోపాల్ వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’ అను హిందీ చిత్రములో ఆరు కథలున్నవి. అడవిలో బండి చెడి నిలిచిపోయిన స్నేహితులు ప్రొద్దు పుచ్చుటకు వాటిని చెప్పుకొందురు. 2012లో వెలువడిన ‘ది ఏబీసీస్ ఆఫ్ డెత్’ అను చిత్రములో ఇంగ్లీషు అక్షరములు 26కు 26 చావులు చూపిరి. పలు దేశముల దర్శకులకు ఒక్కొక్క కథకు 5,000 డాలర్లు మాత్రమే ఇచ్చిరట. పేరుగల నటులను పెట్టుటకు ధనము కావలెను. చక్కెర పాకములో ఎర్రరంగు కలుపుటకు అంత ధనము అక్కరలేదు. కావున చేతిలో సొమ్ము లేని నిర్మాత నటుని బదులు నెత్తుటిని నిలువబెట్టును.

తక్కువ ఖర్చుతో తీయుట తప్పు కాదు. మన ఒగ్గు కథకుడు డోలు, తాళములు, తన గొంతు తప్ప మరేమియు లేకయే రాత్రియంతయు ఊరిని కూర్చుండబెట్టును. భయము పుట్టించు కథ చెప్పుటయు తప్పు కాదు. విక్రమార్కుని భుజముమీద శవము, శవములో బేతాళుడు. ఆ కథలు విని పెరగని తెలుగువారు అరుదు. 1947లో మొదలైన ‘చందమామ’ పత్రిక వాటిని దశాబ్దముల తరబడి ఇంటింటికి చేర్చినది. అదియును అనేక కథలను ఒక్క దారమున గ్రుచ్చిన మాలయే. అయితే బేతాళుడు కథ ముగించి, చావు ఎట్లున్నదని అడుగడు. ఇందులో దోషము ఎవరిది, న్యాయము ఏది అని అడుగును. తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును. విన్నవాడు తీర్పు చెప్పక తప్పించుకొనలేడు.

పరిశుద్ధ గ్రంథములో నెత్తురు లేదా? న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయమును పిల్లల యెదుట బిగ్గరగా చదువుటకు మనకు నోరు రాదు. అయినను ఆ అధ్యాయము చివర, ఈ సంగతి తలపోసి ఆలోచించి మాటలాడుడను పిలుపున్నది. హేరోదు విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తలను పళ్లెములో తెచ్చిరి. గ్రంథకర్త మన కన్నులను ఆ పళ్లెముమీద నిలువనియ్యడు. శిష్యులు వచ్చి శవమును ఎత్తికొనిపోయి సమాధిలో ఉంచిరని చెప్పి మనలను వారి వెంట పంపును (మార్కు 6:29). చచ్చినవాడు ఒకరికి ఆప్తుడని మరువనియ్యడు. మన నాయనమ్మ అడిగినదియు ఇదియే గదా!

ఇక చూచువాని హృదయము సంగతి. సుమారు 1,600 ఏండ్ల క్రిందట అగస్టీను భక్తుడు తన ఒప్పుకోలు గ్రంథములో తన స్నేహితుడైన అలిపియు కథ వ్రాసెను. అలిపియు న్యాయశాస్త్రము చదువుటకు రోమునకు పోయెను. కత్తులతో మనుష్యులు ఒకరినొకరు చంపుకొను ఆటలనిన అతనికి అసహ్యము. తోడివారు అతనిని బలవంతముగా అక్కడికి లాగికొనిపోయిరి. దేహము ఇక్కడ ఉన్నను మనస్సు ఉండదని అతడు కన్నులు మూసికొనెను గాని చెవులు మూసికొనలేదు. జనసమూహము ఒక్కసారిగా కేక వేయగా కన్నులు తెరచెను. చూచెను, మరి చూపు త్రిప్పుకొనలేదు. తరువాత తానే ఇతరులను పిలుచుకొనిపోవువాడాయెను. దేవుడు ఆ అలిపియును విడువక, కాలక్రమమున తగస్తే పట్టణపు సంఘమునకు బిషపుగా చేసెను.

అక్కడ నిజముగా మనుష్యులు చచ్చిరి, ఇక్కడ ఎవరును చావలేదు గదా అని మన పిల్లలు అడుగవచ్చును. అది నిజమే, ఆ భేదము చిన్నది కాదు. రంగునీళ్లు చూచినవానిని హంతకుడనుట అన్యాయము. ఇట్టి చిత్రములు చూచియు చీమకైనను హాని చేయని సాధువులు అనేకులున్నారు. అయినను ఒక్క మాట. మూడవ చావు బాగున్నదన్నవాడు నాలుగవది అంతకంటె ఘోరముగా ఉండవలెనని కోరును. చావులను పంటివలె తూకము వేయుట నాలుకకు అలవాటైనచో, రేపు రోడ్డుమీద లారీక్రింద పడినవానిని చూచి మొదట చేయి జేబులోని ఫోనుమీదికి పోవునా, పడినవాని మీదికి పోవునా? ప్రతివాడు తన్ను తానే పరీక్షించుకొనవలెను.

నెత్తుటికంటె నాకు ఎక్కువ చింత భయమును గూర్చినది. జనగామ పల్లెలలో గాని, భూపాలపల్లి గనుల వాడలలో గాని, గడపయొద్ద నిమ్మకాయ, పసుపు, కుంకుమ కనబడినచో ఇంటిల్లిపాది వణకుట మనము ఎరుగనిది కాదు. 2021లో ‘మా ఊరి పొలిమేర’ అను చిత్రము, 2023లో దాని రెండవ భాగము వచ్చినవి. రెండును చేతబడి చుట్టు అల్లిన కథలే. చూచినవారు మలుపులు బాగున్నవనిరి, బాగులేవనిరి. ఆ చిత్రముల వలన కీడు కలిగెనని నేను అనుట లేదు. అయితే సినిమాలోని భయము రెండు గంటలలో ముగియును. మనలోని భయము ముగియదు. అది ఒక మనిషిని వెదకును. బిడ్డకు జ్వరము తగ్గదు, బర్రె పాలియ్యదు. అప్పుడు వాడ చివర ఒంటరిగా నున్న ముసలిదాని మీదికి చూపు పోవును. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను చంపిరి. ఆ నెత్తురు చక్కెర పాకము కాదు. ఆ ముగ్గురును ఒక ఇంటి మనుష్యులు.

కాళేశ్వరమునొద్ద గోదావరి దాటిన ఆవలి ఒడ్డు మహారాష్ట్ర. అక్కడ 2013లో ఇట్టి దురాచారములను శిక్షించు చట్టము చేసిరి. చట్టము మంచిదే గాని అది గుండెలోనికి దూరి భయమును తీసివేయలేదు. 1912 నుండి 1945 వరకు దోర్నకల్ బిషపుగా నుండిన అజరయ్య గారి కాలమున మన పెద్దలనేకులు బాప్తిస్మము పొంది, సాతానును వాని క్రియలను విసర్జించితిమని సంఘము యెదుట ఒప్పుకొనిరి. వారి మనుమలమైన మనము పొరుగువానిని మంత్రగాడని అనుమానించినచో, వారు దించిన రాజును మరల గద్దెమీద కూర్చుండబెట్టినట్లే. పరిపూర్ణమైన ప్రేమ భయమును వెళ్లగొట్టునని యోహాను వ్రాసెను (1 యోహాను 4:18). ఆ ప్రేమయే అనుమానింపబడిన ముసలిదాని గడప తొక్కుటకు మనకు ధైర్యమిచ్చును.

కావున పెద్దలారా, ఫోను పగులగొట్టకుడి, ప్రయోజనము లేదు. టాకీసులో పెద్దలకు మాత్రమే అని ‘ఎ’ ముద్ర వేసిన చిత్రమునకు 18 ఏండ్లు నిండనివానిని రానియ్యకూడదని నియమమున్నది. మీ అరుగుమీద ఆ కావలి మీరే. చిన్నవానిని లేపి లోపలికి పంపుడి. పెద్దవానియొద్ద కూర్చుండి అడుగుడి: ఈ కథ నిన్ను ఏమి అడిగినది? చచ్చినవారు ఎవరి పిల్లలు? ఉత్తరమియ్యగల కథ ఉండవచ్చును. అట్టిదానిని చూచినందుకు వానిని గద్దింపకుడి. ఉత్తరము లేని కథను వాడే విడిచిపెట్టును. జ్వరము వచ్చిన బిడ్డను మంత్రగానియొద్దకు కాక సర్కారు దవాఖానకు తీసికొనిపొండి. కాపరులారా, ఊరు వెలివేసిన ఇంట మీరు ముందుగా కాలుపెట్టి, అచ్చట నీళ్లు పుచ్చుకొనుడి.

కల్వరియొద్దకు కూడ జనులు చూచుటకే వచ్చిరని లూకా చెప్పుచున్నాడు. వేడుక చూడ వచ్చినవారు జరిగినదానిని చూచి, రొమ్ము కొట్టుకొనుచు తిరిగి వెళ్లిరి (లూకా 23:48). వచ్చినప్పటి మనస్సు ఒకటి, వెళ్లినప్పటి మనస్సు మరియొకటి. సహోదరులారా, ఏమి చూచినను, చూచి లేచిన తరువాత మన పొరుగువాని ఇంటివైపు ఏ మనస్సుతో నడచుచున్నామో దేవుని సన్నిధిని పరీక్షించుకొందము. ప్రభువు మన కన్నులకు జాలిని, మన ఊళ్లకు నిర్భయమును దయచేయును గాక.