పేదల పెట్టెలో మిగులు ఎవరిది?

ఒక విచారణలోని చిన్న సహాయ సంఘాన్ని ఊహించుకుందాం. ఏడాది రాబడి 1,20,000 రూపాయలు. ఖర్చు 90,000. మిగిలిన 30,000 బ్యాంకులో వేశారు. అక్కడ అప్పటికే రెండు లక్షలు ఉన్నాయి. వార్షిక సమావేశంలో అందరూ సంతోషించారు. కాని అదే ఏడాది మందుల కోసం వచ్చిన ఒక వితంతువుకు "నిధులు లేవమ్మా" అని చెప్పి పంపారు. ఇది న్యాయమేనా?

పవిత్ర గ్రంథంలో రెండు ఉదాహరణలూ ఉన్నాయి. ఎడారిలో మరునాటికి దాచుకున్న మన్నాకు పురుగు పట్టింది (నిర్గమ 16). ఐగుప్తులో ఏడేళ్లు దాచిన ధాన్యం కరవులో ప్రాణాలు నిలిపింది (ఆది 41). కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనికుణ్ణి మాత్రం దేవుడు అవివేకి అన్నాడు (లూకా 12). యోసేపు కొట్లు తెరిచే రోజు ఒకటి ఉంది. ధనికుని కొట్లకు అది లేదు.

ముందుచూపు వివేకమనే సుగుణంలో భాగమని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. అవసరానికి మించినది పేదలకు చెందవలసినదేనని చెప్పిందీ ఆయనే. ఈ రెంటికీ వైరం లేదు. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుఫాను చూసిన మనకు కొంత నిల్వ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఆ నిల్వ రేపటి బాధితుని వాటా. సంఘం ఆస్తి కాదు.

1833లో పారిస్‌లో ఓజానాం, ఆయన మిత్రులు ప్రారంభించిన విన్సెంట్ డి పాల్ సభలో సొమ్ము పోగుచేయరాదన్నది సంప్రదాయం. మన దేశ చట్టం కూడా పన్ను మినహాయింపు పొందే ధర్మసంస్థ సాధారణంగా ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు వినియోగించాలంటుంది. అంతకు మించి దాచాలంటే ఉద్దేశం తెలపాలి. గడువు ఐదేళ్లు.

కాబట్టి ప్రతి సంఘం తన మినిట్స్ పుస్తకంలో మూడు జవాబులు రాసుకోవాలి: ఈ నిల్వ ఎందుకు? ఎంత? ఎప్పటిదాకా? జవాబులుంటే అది ముందుచూపు. లేకుంటే అది మన భయానికి పెట్టిన ముద్దుపేరు. తుఫాను కోసం దాచామంటే ఆ మాటే ఆ వితంతువుకు చెప్పి, ఆమె మందులకు మరో దారి వెదకాలి. "లేవు" అనడం అబద్ధం.

పూజ తరువాత లెక్కలు చదివి వినిపించేటప్పుడు మిగులు ఒక్కటే చదవకండి. ఉత్త చేతులతో తిరిగి వెళ్లినవారు ఎందరో కూడా చదవండి. ఆ రెండూ పక్కపక్కన విన్న విచారణకు ఏం చేయాలో తెలుస్తుంది.