చదువును ఏ మీటరుతో కొలుస్తాం?

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. 1991 నుంచి ఆ రోజున కేంద్ర ప్రభుత్వం అవార్డులు ఇస్తోంది. కర్మాగారాలు, భవనాలు, రవాణా సంస్థలు ఎంత ఇంధనం మిగిల్చాయో లెక్కచూసి ఇచ్చేవి అవి. 2005 నుంచి బడిపిల్లల చిత్రలేఖన పోటీలూ వాటికి తోడయ్యాయి. ఇటు సెప్టెంబరు 5న ఇచ్చే జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958 నాటి నుంచీ ఉన్నవే. ఈ రెండు వేదికల నడుమ ఎక్కడో ఒక టీచరు ఉంటారు. కరెంటు పొదుపు పాఠాన్ని చదివించి ఊరుకోకుండా, పిల్లల చేత ఇంటి మీటరు రీడింగు రాయించి, బల్బు మీద అచ్చువేసిన వాట్లు చూపించి, నెల ఖర్చు వాళ్ళ చేతే లెక్క కట్టించే టీచరు. అలాంటివారిని సన్మానించాలంటే కాదనేవారెవరు? అయితే శాలువా కప్పేముందు తేల్చుకోవలసింది ఒకటుంది. కప్పేది దేనికి?

కర్మాగారం సంగతి సులువు. నిరుటి బిల్లూ ఈ ఏటి బిల్లూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. టీచరు పని అలా తేలదు. ఆయన చెప్పిన మాట ఏ పిల్లవాడిలో ఎప్పుడు మొలకెత్తుతుందో, అసలు మొలకెత్తుతుందో లేదో ఏ బిల్లూ చెప్పదు. అయినా సన్మానానికి ఏదో ఒక రుజువు కావాలి కాబట్టి మనం మళ్ళీ యూనిట్ల దగ్గరికే వెళతాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

తరగతిలో ఒక పిల్ల లేచి అడుగుతుందనుకుందాం: “శక్తిని పుట్టించలేం, నాశనం చెయ్యలేం అని మీరే చెప్పారు కదండీ! పోనిదాన్ని పొదుపు చెయ్యడమేంటి?” ఈ ప్రశ్నకు “ఎక్కువ మాట్లాడకు, కూర్చో” అనే జవాబు ఒకటుంది. నిజమైన జవాబు పందొమ్మిదో శతాబ్దంలో క్లాసియస్ వంటి శాస్త్రవేత్తలు వెతికి పట్టుకున్న ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమంలో ఉంది. శక్తి ఎక్కడికీ పోదు. మనకు పనికొచ్చే గుణమే దాన్లోంచి పోతుంది. బొగ్గులో ఉన్న శక్తిలో ఇంచుమించు మూడో వంతే థర్మల్ కేంద్రంలో కరెంటవుతుంది. పాత 60 వాట్ల బల్బు ఆ కరెంటులో పదో వంతును కూడా వెలుగుగా మార్చలేదు. మిగిలినదంతా గాలిని వేడెక్కించి, ఎవరికీ అందకుండా చెదిరిపోతుంది. ఆ బల్బును రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున చూసుకుంటే, ఒక్క బల్బు మార్చినందుకు నెలకు 5 కిలోల పైన మిగులుతుంది. ఇంత చెప్పించుకున్న ఆ పిల్ల ప్రశ్న, గోడ మీద రాసిన పది నినాదాల కన్నా విలువైనది కాదా?

రెండో ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. పొదుపు ఎవరికి చెబుతున్నాం? మన దేశంలో తలసరి వినియోగం ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు. అమెరికాలో 12 వేల పైమాటే. మన సగటులోనూ హైదరాబాదులో గదికో ఏసీ ఉన్న ఇల్లూ, మన్యంలో రెండు బల్బులూ ఒక ఫ్యానూ ఉన్న ఇల్లూ కలిసిపోయి ఉంటాయి. ఆ రెండో ఇంటి పిల్లవాడి చేత ‘విద్యుత్తు వృథా చేయకండి’ అని పోస్టరు రాయించినప్పుడు, వాడు ఏ తప్పుకు పశ్చాత్తాపపడాలి? లేమిని సుగుణంగా బోధించడం తేలిక, బోధించేవారికి ఖర్చుండదు. మంచి టీచరు ఇక్కడ తడబడాలి. వాడిలో అపరాధభావం నాటకుండా, ఎవరు ఎంత వాడుతున్నారో లెక్కతీయడం నేర్పాలి.

ఇంకొక చిక్కు 1865లోనే జెవన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త చూపించాడు. బొగ్గును పొదుపుగా వాడే యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది అన్నాడు. చవకైనదాన్ని మనిషి మరిన్ని పనులకు వాడతాడు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు జనానికి చేరాయి, మేలే జరిగింది. కానీ వెలుగు చవకైనకొద్దీ పెళ్ళి మండపాలకూ, దుకాణాల ముఖాలకూ, అపార్టుమెంటు ప్రహరీలకూ దీపాల తోరణాలు పెరగడం కూడా చూస్తూనే ఉన్నాం. అంటే పరికరం మార్చడం సగం పాఠమే. ఎంత ఉంటే చాలు అన్నది మిగిలిన సగం. దానికి భౌతికశాస్త్రంలో సూత్రం లేదు. టీచరు దగ్గర మాత్రం ఉందా? లేదనే నా నమ్మకం. అది పిల్లలూ టీచరూ కలిసి వెతకవలసినది.

ఆ వెతుకులాటకు ఒక దారి ఉంది. తీగ వెంట వెనక్కి నడవడం. స్విచ్చి దగ్గర బయలుదేరితే సబ్‌స్టేషను, అది దాటితే రామగుండం థర్మల్ కేంద్రం చిమ్నీలు, ఇంకా వెనక సింగరేణి గనిలో షిఫ్టు దిగే కార్మికుడు. మరో తీగ పట్టుకుని పోతే శ్రీశైలం జలాశయం, 1981లో దాని కోసం ఊళ్ళు ఖాళీ చేసి కదిలిన కుటుంబాలు. ఆ మనుషులు పిల్లలకు కనబడితే పొదుపు బిల్లు సంగతిగా మిగిలిపోదు. మనకు తెలియనివారి పట్ల మనం ఎలా మసలుకోవాలనే ప్రశ్నవుతుంది. నీతి పాఠం వేరే చెప్పనక్కరలేదు.

ఇక సన్మానం మాట. పదేళ్ళ పిల్లవాడు ఫ్యాను ఆపడం మంచి అలవాటే. దేశం బరువు మాత్రం వాడి వేలి మీద పెట్టకూడదు. ఉపకరణాలకు స్టార్ గుర్తులు 2006లో వచ్చాయి. ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీలు చూపాలన్న నిబంధన 2020లో వచ్చింది. అవి పెద్దలు, ప్రభుత్వాలు చేయవలసిన నిర్ణయాలు. ఎక్కడ ఏ విద్యుత్ కేంద్రం కట్టాలన్నదీ అంతే. పిల్లల్ని మెచ్చుకుని, టీచరుకు జ్ఞాపిక ఇచ్చి, పెద్దలు చేతులు దులుపుకుంటే ఆ సన్మానం తప్పించుకునే దారి అవుతుంది. టీచరును నిజంగా గౌరవించదలిస్తే ఎన్నికల విధులు, సర్వేలు తగ్గించి ఆయనకు పాఠానికి సమయం ఇవ్వాలి. పిల్లలు చేతులతో తాకి నేర్చుకునే ప్రయోగశాల ఇవ్వాలి.

అందుకే, పురస్కారానికి ఎంపిక చేసే కమిటీ బడికి వచ్చినప్పుడు కరెంటు బిల్లులు తర్వాత చూడొచ్చు. ముందు పిల్లల్ని అడగాలి: మీ టీచరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఏది? అప్పుడు ఆయన ఏం చేశారు? “తెలుసుకుని చెబుతా, మీరూ వెతకండి అన్నారు” అని ఒక్క గొంతు పలికినా, శాలువా సరైన భుజాల మీదే పడుతుంది.