పట్టమును వాగ్దానమును

విద్య యెందులకను ప్రశ్నకు ఈ దేశపు తత్త్వవేత్తలు పెక్కు సమాధానములు చెప్పిరి. ఆధునిక కాలమున రాజ్యము చెప్పిన సమాధానము మాత్రము ఒక్కటే: ఉద్యోగమునకు. చదువుకొన్న యువకుడు కొలువు కొరకే చదివెనని నేడు పలువురు నిందింతురు. కాని ఆ యాశ అతని మనస్సున తనంతట పుట్టినది కాదు. దానికి తేదీలతో కూడిన చరిత్ర కలదు.

1835లో ఆంగ్లవిద్యకు ప్రభుత్వ ధనమును వెచ్చింప నిశ్చయించిన పాలకులు, 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి కాలమున, ఆ విద్య నేర్చినవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యము లభించునని తీర్మానించిరి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. తొలినాళ్లలో అవి లండను విశ్వవిద్యాలయపు పద్ధతిని పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థలే. మరుసటి యేట కలకత్తాలో మొదటి బి.ఏ. పట్టమును పొందినవారు ఇరువురు. వారిలో ఒకడగు బంకించంద్ర ఛటర్జీ ఆ సంవత్సరముననే డిప్యూటీ మేజిస్ట్రేటుగా నియుక్తుడాయెను. పట్టమునకును పదవికిని నడుమ కొలది నెలల దూరమే ఉండెను.

బంకించంద్రుడు విచారించిన వ్యాజ్యములు నేడెవరికిని జ్ఞప్తి లేవు. ‘ఆనందమఠము’ రచించిన చేతిని మాత్రము దేశము మరువలేదు. విద్య ఆయనకు జీవికను ప్రసాదించినది. జీవికకు మించినదానిని కూడ ప్రసాదించినది. ఈ రెండవ ఫలమును ఏ తీర్మానమును వాగ్దానము చేయలేదు. కావున ఇంటింట తలిదండ్రులు లెక్కించినది మొదటిదానినే. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. రాజ్యమే నాణెమును ముద్రించి చేతికిచ్చినపుడు, దాని విలువను నమ్ముట ప్రజల దోషమెట్లగును?

కొద్దిమందిని ఉద్దేశించి చేసిన ఆ వాగ్దానము కాలక్రమమున కోట్లమందికి ఆశ్రయమైనది. 2021-22లో భారతదేశపు ఉన్నత విద్యాసంస్థలలో 4.33 కోట్లమంది విద్యార్థులుండిరి. వీరి సంఖ్యను ఇంకను పెంచి, 2035 నాటికి స్థూల ప్రవేశ నిష్పత్తిని 50 శాతమునకు చేర్చవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సంకల్పించినది. కొలువులు ఆ వేగమున పెరుగలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థయు, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థయు కలిసి 2024లో ప్రకటించిన నివేదిక ననుసరించి, 2022లో యువ పట్టభద్రులలో నిరుద్యోగము 29.1 శాతము, చదువను వ్రాయను రాని యువజనులలో 3.4 శాతము.

ఈ అంకెలను చూచి చదువే అనర్థమని తలచుట పొరపాటు. నిరక్షరాస్యుడు సుఖముగా నున్నాడని వాని అర్థము కాదు. అతడు పదినాళ్లు పనిలేక కూర్చుండజాలడు. దొరికిన కూలికి పోవును. పట్టభద్రుడు తగిన కొలువుకై వేచియుండును. ఆ నిరీక్షణకు వెల చెల్లించునది తండ్రి పొలము, తల్లి నగ, ఒక్కొక్కచో చెల్లెలి చదువు.

2015లో ఉత్తరప్రదేశ్ సచివాలయమున 368 బంట్రోతు కొలువులకు 23 లక్షల దరఖాస్తులు వచ్చెను. కోరిన అర్హత ఐదవ తరగతియు, సైకిలు తొక్క నేర్చుటయు. దరఖాస్తు పెట్టినవారిలో 255 మంది డాక్టరేటు పట్టము గలవారు. ఆ వార్త విని చదువరులు సిగ్గుపడిరి. ఆ సిగ్గు దేనిని గూర్చియో విచారింపవలసియున్నది. పండితుడు కాగితముల కట్టను మోయుట అవమానమైనచో, జీవితాంతము దానిని మోసిన బంట్రోతు అవమానితుడనియే సమాజము ఒప్పుకొన్నట్లు. నిజముగా సిగ్గుపడదగినవి వేరు రెండు కలవు. నెలనెల తప్పక జీతమందు నెలవు ఆ గుమ్మమునకు వెలుపల అంత అరుదగుట ఒకటి. ఐదవ తరగతి చదివిన పేదవానికై ఉంచిన కొలువు వద్దకు కూడ పట్టభద్రులు బారులు తీరుటచే, ఆ పేదవాడు వెనుకకు నెట్టబడుట రెండవది.

ఇట్టి సందర్భమున కొందరు విశ్వవిద్యాలయము జ్ఞానమందిరమనియు, దానిని జీవికను గూర్చి అడుగరాదనియు వాదింతురు. ఇంట కలిగినవారికి ఈ మాట సులభము. అప్పు తెచ్చి కుమారుని చదివించిన రైతుకు ఇది సమాధానము కాజాలదు. మరికొందరు పట్టభద్రుని జీతమే విద్యకు కొలబద్ద యందురు. వారి మాట చెల్లినచో తత్త్వశాస్త్రమును, వ్యాకరణమును మూతపడును; బంకించంద్రుని రెండవ ఫలము లెక్కకు రాదు. విశ్వవిద్యాలయము కొలువు నిత్తునని మాట ఈయజాలదు. కాని తానీయజాలనిదానిని ఇత్తునని నమ్మించుట అధర్మము. వెనుకటి విద్యార్థులు చదువు ముగించి యేమైరో ఉన్నదున్నట్లు ప్రవేశద్వారముననే చెప్పుట దాని కనీస ధర్మము.

ఈ చిక్కును తొలగింప పెద్దలు యత్నింపకపోలేదు. చేతిపనికిని చదువునకును గల ఎడమును మాన్పుటకు గాంధీ 1937లో వార్ధా విద్యాపథకమును ప్రతిపాదించెను. 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ సంఘము విద్యలో పని అనుభవము అంతర్భాగము కావలెనని సూచించెను. 1986 నాటి విద్యావిధానము కొన్ని రంగములలో పట్టమునకు ఉద్యోగముతో గల ముడిని విప్పదలచినట్లు ప్రకటించెను. సంకల్పము మంచిదే, కాని ఆ ముడిని విప్పవలసినది విద్యార్థి కాదు. ఉద్యోగమిచ్చువారు, వారిలో మొదటిదైన ప్రభుత్వము, పనికి అక్కరలేని పట్టమును కూడ జల్లెడగా వాడుచున్నంతకాలము ఆ పట్టమునకై పరుగిడుట అవివేకము కాదు. అది బ్రదుకు తెరువు.

వాగ్దానము చేసినవాడు దానిని నిలుపుకొనజాలనిచో, ఆ మాటను ముందుగా తానే ఒప్పుకొనవలెను. పనికి తగిన పరీక్ష పెట్టి, ఏ పనికైనను తగిన జీతమును గౌరవమును కల్పించిన పిదప, విద్యను విద్యకై ప్రేమింపుమని యువకునికి బోధించు అధికారము రాజ్యమునకు కలుగును. అందాక, దరఖాస్తు చేతబట్టి బారులో నిలిచిన పట్టభద్రుడు పెద్దలు నేర్పిన పాఠమునే అప్పగించుచున్నాడు.